దూరపు సముద్ర ఈతలో పిక్కలు, అరికాళ్లు పట్టేస్తే: ముందు నెలల్లో ఏం చేయాలి, ఆ నిమిషంలో ఏం చేయాలి

ఈత మొదలై అయిదు గంటలు దాటింది. చేతులు బాగానే తిరుగుతున్నాయి, ఊపిరి లయ తప్పలేదు. అప్పుడు అరికాలి వంపులో సన్నటి మెలిక మొదలవుతుంది. బొటనవేలు మన ప్రమేయం లేకుండా కిందికి వంగుతుంది, లేదా పిక్క లోపల ఏదో అదురుతుంది. నొప్పి ఇంకా రాలేదు. చాలామంది ఇక్కడ దాన్ని వదిలించుకుందామని ఇంకాస్త గట్టిగా కిక్ కొడతారు. నాలుగైదు కిక్కులు తిరిగేసరికి పిక్క మొత్తం బిగుసుకుపోతుంది.

పట్టేశాక విడిపించుకునే పద్ధతులు ఉన్నాయి, అవన్నీ కింద రాశాను. కానీ అసలు పని ఆ అదురు మొదలైన క్షణంలోనూ, దానికి ముందు నెలల్లోనూ ఉంటుంది. ధరంతర్ నుంచి ముంబయి గేట్‌వే దాకా 36 కిలోమీటర్లు, తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు, ముర్షిదాబాద్‌లో భాగీరథి మీద 81 కిలోమీటర్లు: ఇలాంటి వాటికి సిద్ధమవుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మూడు నాలుగు కిలోమీటర్లు ఆగకుండా ఈదగలిగి, మొదటిసారి సముద్రంలోకి దిగబోయేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ముందు కారణం తెలియాలి

మన ఊళ్లలో "నరం మీద నరం ఎక్కింది" అంటారు. ఎక్కేది ఏదీ లేదు. కండరం తనంతట తాను ముడుచుకుని, వదలడం మర్చిపోతుంది.

ప్రతి కండరానికీ రెండు రకాల కబుర్లు అందుతుంటాయి. కండరం లోపలి గ్రాహకాలు ముడుచుకోమని పురిగొల్పుతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులోని గ్రాహకాలు లాగుడు ఎక్కువైనప్పుడు ఇక చాలని ఆపుతాయి. బాగా అలిసిన కండరంలో మొదటిది జోరెక్కుతుంది, రెండోది నీరసిస్తుంది. దక్షిణాఫ్రికా క్రీడా వైద్యుడు మార్టిన్ ష్వెల్‌నస్, ఆయన సహచరులు 1997లో ముందుకు తెచ్చిన వివరణ ఇది. ఇప్పుడు ఎక్కువ మంది ఒప్పుకునేదీ ఇదే.

ఇందులో ఈతగాళ్లు పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. కండరం పొట్టిగా ముడుచుకుని ఉన్నప్పుడు స్నాయువు మీద లాగుడే ఉండదు, కాబట్టి ఆపే కబురూ ఉండదు. ఫ్రీస్టైల్‌లో పాదం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. వేళ్లు వెనక్కి చాచి, మడమ పైకి లేచి ఉంటుంది. అంటే పిక్క, అరికాలి వంపు రెండూ పొట్టిగా ముడుచుకున్న స్థితిలోనే గంటల తరబడి పనిచేస్తాయి. పరుగెత్తేవాడికి ప్రతి అడుగులోనూ మడమ నేలకు ఆని పిక్క సాగుతుంది. ఈతగాడికి ఆ అవకాశం ఒక్కసారీ రాదు.

మరి ఉప్పు? ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గడం వల్లే పట్టేస్తుందని అందరూ చెబుతారు. ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ)లో కండరం పట్టేసినవాళ్ల రక్తాన్నీ పట్టనివాళ్ల రక్తాన్నీ పోల్చి చూసిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మామూలు బుద్ధితో ఆలోచించినా, ఒళ్లంతా ఉప్పు తగ్గితే ఎడమ పిక్క ఒక్కటే ఎందుకు పట్టాలి? అలాగని ఉప్పుతో పనే లేదనను. మన సముద్రం వెచ్చన, వెచ్చటి నీళ్లలో ఒంటికి చెమట పడుతుంది, నీళ్లలో ఉన్నాం కాబట్టి తెలియదంతే. నా లెక్కలో వరుస ఇది: ముందు చీలమండ, తర్వాత కిక్, ఆ తర్వాత వేగం, చివర ఉప్పు. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెట్టి, మందుల షాపులో మెగ్నీషియం మాత్రలు కొనుక్కుని తృప్తి పడతారు.

మొదటి అడుగు: నేల మీద, కనీసం మూడు నెలల ముందు నుంచి

చీలమండ సులువుగా వెనక్కి వంగకపోతే, పాదాన్ని చాచి ఉంచడానికి పిక్క బలం పెట్టాల్సి వస్తుంది. ఆ బలమే అయిదో గంటలో ఎదురు తిరుగుతుంది. పరుగు, సైక్లింగ్ నుంచి ఈతకు వచ్చినవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

దీనికి జిమ్ అక్కర్లేదు. వజ్రాసనంలో కూర్చుంటే చీలమండ ముందు భాగం సాగుతుంది. మొదట్లో అర నిమిషం చాలు, మెల్లగా అయిదు నిమిషాల దాకా తీసుకెళ్లండి. అదే ఆసనంలో కాలివేళ్లను నేలకు మడిచి మడమల మీద కూర్చోండి. అరికాలి వంపు బాగా లాగుతుంది, మొదటి వారం కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఇక మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం. మన తాతల తరానికి ఇది వ్యాయామం కాదు, కబుర్లు చెప్పుకునే భంగిమ. కుర్చీలకు అలవాటు పడ్డ మనకు మడమలు పైకి లేచిపోతాయి. రోజూ రెండు మూడు నిమిషాలు ప్రయత్నిస్తే పిక్కల పొడవు తిరిగి వస్తుంది.

సాగదీయడం ఒక్కటే సరిపోదు, బలం కూడా కావాలి. మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి, మడమలను మెట్టు కిందికి నెమ్మదిగా, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు దించండి. తర్వాత పైకి లేవండి. పదిహేను చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కాస్త వంచి కొన్ని చేయాలి, ఎందుకంటే పిక్కలో రెండు కండరాలున్నాయి, లోపలిదానికి మోకాలు వంచినప్పుడే ఎక్కువ పని పడుతుంది. అరికాలికి ఒక తువ్వాలు నేల మీద పరిచి వేళ్లతో మీదికి ముడుచుకోవడం చాలు. టీవీ చూస్తూ చేసుకోవచ్చు.

రెండో అడుగు: కిక్ మార్చుకోవడం

చిన్న పరీక్ష ఒకటి. పూల్‌లో కిక్ బోర్డు పట్టుకుని పది నిమిషాలు మామూలు వేగంతో కిక్ కొట్టండి. ఈలోపే అరికాలు పట్టిందంటే మీరు పాదాన్ని బలవంతంగా చాపుతున్నారు. కిక్ తుంటి నుంచి రావాలి. చీలమండ వదులుగా ఉంటే నీటి ఒత్తిడే పాదాన్ని వెనక్కి వంచుతుంది, మీరు వంచాల్సిన పని లేదు.

రెండో మార్పు, కిక్కుల సంఖ్య తగ్గించడం. పూల్ పోటీల్లో రెండు చేతులు ఒక చుట్టు తిరిగేలోపు ఆరు కిక్కులు కొట్టే అలవాటుంటుంది. పది గంటల ఈతకు అది దండగ ఖర్చు. దూరపు ఈతగాళ్లు ఎక్కువగా రెండు కిక్కులతో సరిపెడతారు, చేతికి ఒకటి చొప్పున, ఒళ్లు అటూ ఇటూ తిరగడానికి తోడ్పడేంత మాత్రమే. ఉప్పునీళ్లు కాళ్లను ఎలాగూ పైకి తేలుస్తాయి. ఈ మార్పు నరాలకు పట్టడానికి వారాలు పడుతుంది, కాబట్టి పోటీకి పది రోజుల ముందు మొదలుపెట్టవద్దు.

హైదరాబాదు, విజయవాడల్లో సాధన అంతా పాతిక మీటర్ల పూల్‌లో చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ప్రతి పాతిక మీటర్లకూ గోడను మునివేళ్లతో తన్నుతారు. నాలుగు కిలోమీటర్ల సాధనలో అలాంటివి నూట అరవై దాకా అవుతాయి. పిక్క పట్టేసేది తరచుగా ఆ తన్నుడులోనే. పైగా గోడ దగ్గర కాలికి దొరికే క్షణం విశ్రాంతి సముద్రంలో దొరకదు. అందుకే వారానికి ఒక సాధనలో గోడ తాకకుండా, రెండు మీటర్ల ముందే వెనక్కి తిరిగి ఈదండి. బోరు కొడుతుంది, కానీ సముద్రానికి దగ్గరగా ఉండే సాధన అదే. పుల్ బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే ఫోమ్ ముక్క) కాళ్ల మధ్య పెట్టుకుని చేతులతో మాత్రమే ఈదడం కూడా కనీసం అరగంట ఆగకుండా చేయగలగాలి. కాలు పట్టేసిన రోజు ఒడ్డు చేర్చేది ఈ సామర్థ్యమే.

మూడో అడుగు: తాగేది, తినేది

దూరపు ఈతలో ఫీడ్, అంటే వెంట వచ్చే బోటు నుంచి అందించే తాగే ఆహారం, సాధారణంగా అరగంటకోసారి, ఒక్కోసారి 150 నుంచి 250 మి.లీ. దాకా. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం చాలామంది కడుపు తట్టుకుంటుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ (తేలిగ్గా అరిగే పిండిపదార్థం) పొడి కలిపినా, ఉప్పేసిన పలచటి గంజి తాగినా, బెల్లం నీళ్లు తాగినా కండరానికి ఒకటే. సాధనలో అలవాటు పడినదే ఆ రోజూ తాగాలి.

ఉప్పు కోసం ఓఆర్‌ఎస్ మంచి దారి, ప్యాకెట్ మీద చెప్పినట్టు ఒక లీటరు నీళ్లలో కలిపితేనే. ఇక్కడ జాగ్రత్త ఒకటి. తియ్యటి పళ్ల రసాలను ఓఆర్‌ఎస్ పేరు పెట్టి డబ్బాల్లో అమ్మడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపింది. లీటరుకు సోడియం ఎంతో, చక్కెర ఎంతో లేబుల్ మీద చదివే కొనండి. కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం.

పట్టేస్తుందన్న భయంతో వట్టి నీళ్లు లీటర్ల కొద్దీ తాగడం ఇంకా ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు.

విదేశీ ఈతగాళ్లు ఊరగాయ నీళ్ల సీసా బోటులో పెట్టుకోవడం చూసి ఉంటారు. అందులో కొంత నిజముంది. 2010లో అమెరికాలో కెవిన్ మిల్లర్ బృందం చేసిన ప్రయోగంలో దోసకాయలు ఊరిన వెనిగర్ నీళ్లు తాగినవాళ్లకు కండరం తొందరగా వదిలింది. అది కడుపులోంచి రక్తంలో కలిసే వ్యవధి లేకుండానే పనిచేసింది కాబట్టి, ఆ ఘాటు నోట్లో, గొంతులో తగిలి నరాల ద్వారా కండరాన్ని శాంతింపజేస్తుందని వాళ్ల అంచనా. అలాగని ఆవకాయ ఊట తాగకండి! నూనె, కారం ఉన్నది సముద్రంలో ఊగుతున్న కడుపులో నిలవదు. వెనిగర్ కలిపిన ఉప్పు నీళ్లు ఒకటి రెండు గుక్కలు చాలు, అదీ సాధనలో ముందే రుచి చూసి ఉంటేనే.

నాలుగో అడుగు: ఆ రోజు, నీళ్లలో

పోటీకి ముందు రెండు మూడు రోజులు కాళ్లకు పని తగ్గించండి. ధనుష్కోడి ఇసుకలో మైళ్ల కొద్దీ నడిచి ఫొటోలు దిగడం ఈత అయ్యాక పెట్టుకోండి. పాక్ జలసంధిలో శ్రీలంక నుంచి ఇటు ఈదేవాళ్లు ముందు బోటులో అటు వెళ్లాలి, అంటే దిగే ముందే గంటల తరబడి ముడుచుకుని కూర్చుంటారు. బోటులోనే చీలమండలు తిప్పుతూ, పిక్కలు సాగదీస్తూ ఉండాలి.

మొదటి గంట మీకు తేలిగ్గా అనిపించే వేగం కంటే కొంచెం తక్కువలో ఈదండి. సాధనలో ఎన్నడూ చేయని వేగంతో చేసిన పనికే కండరం ఎక్కువగా ఎదురు తిరుగుతుంది. అక్కడ నుంచి ప్రతి ఫీడ్‌నూ కాళ్లకు సెలవుగా వాడుకోవాలి. మామూలుగా ఫీడ్ కోసం ఈతగాడు ఒక్కసారిగా నిటారుగా లేచి నీళ్లు తొక్కుతాడు. అప్పటిదాకా చాచి ఉన్న కాలు కొత్త పనిలో పడుతుంది, పిక్క అక్కడే పట్టేస్తుంది. బదులుగా వెల్లకిలా తేలుతూ తాగండి. తాగుతున్నంతసేపు పాదాలను ముక్కు వైపు మడవండి, రెండు మూడు సార్లు గుండ్రంగా తిప్పండి. ఇరవై సెకన్ల పని. తిరిగి బయల్దేరేటప్పుడు పది స్ట్రోకులు కిక్ లేకుండా.

ఫీడ్‌కు ఫీడ్‌కు మధ్య కూడా అప్పుడప్పుడు నాలుగైదు బ్రెస్ట్ స్ట్రోక్ కిక్కులు కొట్టడం మంచిది. ఆ కిక్‌లో పాదం మడుచుకుంటుంది కాబట్టి పిక్క సాగుతుంది. ఎక్కువ కొడితే మాత్రం తొడ వెనక, గజ్జల్లో పట్టే వీలుంది.

మొదట్లో చెప్పిన అదురు వచ్చిందా, తర్వాతి ఫీడ్ దాకా ఆగవద్దు. కిక్ పూర్తిగా ఆపేసి, చేతులతో ముందుకు పోతూనే మడమను వెనక్కి తోసి వేళ్లను మోకాలి వైపు లాగండి. పాదం కాసేపు లంగరులా అడ్డుపడుతుంది, వేగం తగ్గుతుంది. తగ్గనివ్వండి. రెండు మూడు నిమిషాల్లో చాలావరకు సర్దుకుంటుంది.

అయిదో అడుగు: పట్టేసింది

నొప్పి ఎంత భయంకరంగా ఉన్నా పిక్క పట్టేయడం ఒక్కటే మనిషిని ముంచదు. తల పైకెత్తి, ఊపిరి బిగబట్టి, చేతులతో నీళ్లు కొట్టడం ముంచుతుంది. కాబట్టి మొదటి పని వెల్లకిలా తిరగడం, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చడం, గుండెల నిండా గాలి పీల్చి కొంచెం కొంచెంగా వదలడం. టో ఫ్లోట్ (వెనక తేలుతూ వచ్చే గాలి సంచి) నడుముకు కట్టి ఉంటే దాన్ని ఛాతీ మీదికి లాక్కోండి. ఒక చెయ్యి పైకెత్తి బోటుకు సైగ చేయండి. ఇవి చేశాకే కాలి సంగతి.

పిక్క పట్టేస్తే: మోకాలు వంచి పాదం ముందు భాగాన్ని చేత్తో పట్టుకోండి. వేళ్లను ముక్కు వైపు లాగుతూ, మోకాలిని నెమ్మదిగా నిటారు చేయండి. ఇరవై, ముప్పై సెకన్లు అలాగే ఉంచాలి. కుదుపుతో లాగితే కండరం ఇంకా బిగుస్తుంది, లోపల పోగులు తెగే ప్రమాదమూ ఉంది. వెల్లకిలా ఉండి చెయ్యి పాదానికి అందకపోతే, పెద్ద ఊపిరి తీసుకుని బోర్లా తిరిగి, ముడుచుకుని తేలుతూ పాదం పట్టుకోండి. దీన్ని పూల్‌లో ముందే సాధన చేయాలి, లేకపోతే సముద్రంలో రాదు.

అరికాలు పట్టేస్తే: పట్టిన కాలిని రెండో మోకాలి మీదికి మడిచి, బొటనవేలిని, దాంతోపాటు మిగతా వేళ్లను పైకి వంచండి. రెండో చేతి బొటనవేలితో అరికాలి వంపును మడమ నుంచి వేళ్ల వైపు గట్టిగా రాయండి. అల ఎక్కువగా ఉండి చేతులు ఖాళీ లేకపోతే, రెండో పాదం మడమతో పట్టిన పాదం వేళ్లను పైకి నెట్టవచ్చు.

తొడ వెనక పట్టేస్తే: మోకాలు నిటారు చేసి కాలిని నీటి పైకి లేపండి. తొడ ముందు భాగమైతే దానికి విరుద్ధంగా, మోకాలు వంచి మడమను పిరుదు వైపు లాగండి.

సూత్రం ఒకటే. పట్టిన కండరం ఏ వైపు లాగుతోందో, దానికి ఎదురు వైపు నెమ్మదిగా సాగదీయాలి. పిక్కకు మరో ఉపాయం కూడా ఉంది. పాదాన్ని ముక్కు వైపు లాగే కండరం మోకాలి కింద ముందు వైపున ఉంటుంది. దాన్ని మీ బలంతో బిగిస్తే, వెన్నుపాము పిక్కను వదలమంటుంది. చెయ్యి అందకపోయినా పనిచేసే పద్ధతి ఇది.

ఇంగ్లిష్ చానెల్ నిబంధనల్లో ఈతగాడు బోటును పట్టుకున్నా, ఎవరైనా అతన్ని పట్టుకున్నా ఈత చెల్లదు. మిగతా దూరపు ఈతల్లోనూ చాలావరకు ఇదే పద్ధతి. కాబట్టి పైవన్నీ ఎవరి ఆసరా లేకుండా, లోతు నీళ్లలో చేయగలగాలి.

వదిలాక వెంటనే పరుగు వద్దు

కండరం వదిలిన తర్వాత కొన్ని నిమిషాలు మళ్లీ పట్టేయడానికి సిద్ధంగా ఉంటుంది. అయిదు నుంచి పది నిమిషాలు కాళ్లు వెనక ఊరికే తేలుతూ రానిచ్చి చేతులతోనే ఈదండి. తర్వాత చిన్న కిక్కులు. బోటులోవాళ్లను తర్వాతి ఫీడ్ కొంచెం తొందరగా ఇవ్వమనండి. పోయిన కాలాన్ని పూడ్చుకుందామని వేగం పెంచితే మళ్లీ మొదటికొస్తుంది. 2021 మార్చిలో పాక్ జలసంధిని శ్రీలంక వైపు నుంచి ఈదిన గోలి శ్యామల దాదాపు పద్నాలుగు గంటలు నీళ్లలో ఉన్నారు. అంత పొడవు ఈతలో కాలికి పది నిమిషాలు ఇవ్వడం పెద్ద నష్టమేమీ కాదు.

బోటు మీద ఉన్నవాళ్ల పని

నిమిషానికి స్ట్రోకులు ఎన్నో రాసుకుంటూ ఉండాలి. ఒక కాలు లోతుగా వేలాడుతోందా, కిక్ ఒక వైపే పడుతోందా చూడాలి. ఈతగాడి కంటే ముందు బోటుకే కనబడే గుర్తులివి. సైగలు ముందే అనుకోండి: పిడికిలి చూపితే ‘పట్టేసింది, సర్దుకుంటున్నాను’ అని, చెయ్యి అటూ ఇటూ ఊపితే ‘సాయం కావాలి’ అని.

కాలికి గీత గీసినట్టు మంట ముందు పుట్టి, ఆ తర్వాత నొప్పి పాకితే అది జెల్లీ చేప కావచ్చు. పట్టేసిందనుకుని రుద్దనివ్వవద్దు.

ఎప్పుడు బయటికి లాగాలి? ఒకే కండరం అరగంటలో మూడోసారి పట్టినా, రెండు కాళ్లూ ఒకేసారి పట్టినా ఈతగాడితో మాట్లాడి నిర్ణయించవచ్చు. పొట్టకూ చేతులకూ పాకితే, ఆగని వాంతులుంటే, వణుకు మొదలైతే, మాట తడబడితే, అడిగిన చిన్న ప్రశ్నకు పొంతన లేని జవాబు వస్తే మాత్రం అతని ఒప్పుదలతో పనిలేదు. చన్నీళ్లలో ఒంటి వేడి పడిపోవడానికీ, వెచ్చటి నీళ్లలో వేడి పెరిగిపోవడానికీ అయోమయమే గుర్తు. 2010లో యూఏఈలోని ఫుజైరాలో వెచ్చటి సముద్రంలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ చనిపోయాక, అంతర్జాతీయ పోటీలకు నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటకూడదన్న పరిమితి వచ్చింది. ఎండాకాలంలో మన తీరపు నీళ్లు ఆ అంకెకు చాలా దగ్గరగా ఉంటాయి.

ఒడ్డుకొచ్చాక

నిటారుగా నిలబడి వెంటనే నడవకండి, ఇసుకలో మొదటి నాలుగడుగుల్లోనే పిక్క పట్టేస్తుంది. కూర్చుని పాదాలు మడిచి, ఉప్పు తగిలే ద్రవం ఏదైనా తాగి, తర్వాత లేవండి. ఆ రాత్రి పడుకునే ముందు పిక్కలు ఓసారి సాగదీయండి, దుప్పటి బరువు వేళ్లను కిందికి వంచకుండా చూసుకోండి.

రెండు మూడు రోజులు పిక్క పులిసినట్టు ఉండడం మామూలే. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది రుద్దే నొప్పి కాదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరం చెడి మూత్రపిండాల మీద భారం పడుతున్నట్టు, ఆసుపత్రికే వెళ్లాలి. ఈతతో సంబంధం లేకుండా తరచూ పట్టేస్తుంటే థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. కొలెస్టరాల్‌కు స్టాటిన్లు, బీపీకి నీరు తీసే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, వాటికీ ఈ లక్షణం ఉంది. క్వినైన్ మాత్ర వేసుకుంటే తగ్గుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. గుండె లయను, రక్తకణాలను దెబ్బతీసే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిక్కల కోసం దాన్ని వాడొద్దని హెచ్చరించింది.